సిబిల్ స్కోరు అడిగారు, ఇల్లు చేజారేలా ఉంది

నిజాంపేట నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. వయసు 37. అమీర్‌పేటలో ఒక ప్రైవేటు ఆస్పత్రి అకౌంట్స్‌లో ఉద్యోగం, నెలకు 38 వేలు చేతికొస్తుంది. భర్త సూపర్‌మార్కెట్‌లో సూపర్‌వైజరు, ఆయనకు 27 వేలు. పాప తొమ్మిదో తరగతి. బీపీ, షుగరు మందులు వాడే అత్తగారు వీళ్ల దగ్గరే ఉంటారు. నాలుగున్నరేళ్లుగా ఒకే ఇంట్లో, పై పోర్షన్‌లో, 16,500 అద్దెకు ఉంటున్నారు. ఇప్పుడు ఓనర్ ఆంటీ కొడుక్కి పెళ్లి కుదిరింది. పై పోర్షన్ వాళ్లకే కావాలి, జులై నెలాఖరుకల్లా ఖాళీ చేయమన్నారు.

అసలు కథ 2019లో మొదలైంది. ఆమె భర్త ప్రగతినగర్‌లో కర్రీ పాయింట్ పెట్టారు. పెట్టుబడి కోసం ఆమె జీతం మీద 4 లక్షల పర్సనల్ లోను తీసుకున్నారు, క్రెడిట్ కార్డు మీద ఇంకో లక్షా పాతిక వేలు వాడారు. 2020 లాక్‌డౌన్‌లో షాపు మూతపడింది. ఆ తర్వాత ఎనిమిది ఈఎంఐలు బౌన్స్ అయ్యాయి. నెమ్మదిగా నిలదొక్కుకుని, లోను మాత్రం వడ్డీతో సహా కట్టి పోయిన ఏడాది తీర్చేశారు. కార్డు బాకీకి 2022లో బ్యాంకు వాళ్లు "62 వేలు కట్టేయండి మేడమ్, అయిపోతుంది" అంటే అలాగే కట్టారు. అయిపోయిందనే అనుకున్నారు.

మియాపూర్ మెట్రోకి దగ్గర్లో ఒక గేటెడ్ కమ్యూనిటీలో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ నచ్చింది. అద్దె 24 వేలు, మెయింటెనెన్స్ 3,500. ఓనరు అమెరికాలో ఉంటారు, వ్యవహారమంతా ఒక కంపెనీ చూస్తుంది. ఆ ఆఫీసులో కుర్రాడు ఫారం నింపుతూ, "సిబిల్ ఎంత ఉంటుంది మేడమ్? 700 దాటితే ఈరోజే టోకెన్ తీసుకుంటాం" అన్నాడు. సిబిల్ అంటే మనం లోన్లు, కార్డు బాకీలు ఎలా కట్టామో చూపే అంకె. పక్కనే అత్తగారు కూర్చుని ఉన్నారు. "ఇంటికెళ్లి పంపిస్తాను" అని వచ్చేశారు. రాత్రి అందరూ పడుకున్నాక ఫోన్లో చూసుకుంటే 588. "అకౌంట్స్ చేసేదాన్ని, నెలకి ఎన్ని వందల బిల్లులు టాలీ చేస్తానో. నా లెక్కే ఇలా ఉందని తెలిశాక తెల్లవార్లూ నిద్ర పట్టలేదు" అని రాశారు.

ఆమె అడిగినవి ఇవీ. బెంగళూరులో ఉన్న మరిదికి స్కోరు బాగుంది, అగ్రిమెంటు ఆయన పేరు మీద రాయించుకుని మేం ఉండవచ్చా? స్కోరు బదులు ఎక్కువ అడ్వాన్స్ ఇస్తామంటే ఒప్పుకుంటారేమో, దానికి లోన్ యాప్‌లో 60 వేలు తీసుకోవచ్చా? 8 వేలిస్తే పదిహేను రోజుల్లో స్కోరు 750 చేయిస్తానని ఒకాయన అంటున్నాడు, నమ్మవచ్చా? చివరి పేజీ కింద, సంతకం చోట, ఒక వాక్యం విడిగా ఉంది: "ఇదంతా మా ఆయనకి ఇంకా చెప్పలేదండీ. చెబితే మళ్లీ ఆ కర్రీ పాయింట్ దగ్గరికే వెళ్తారు, తన వల్లేనని కుమిలిపోతారు."

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి చదివేటప్పుడు పెన్నుతో ఒక్కచోటే గీత పెట్టుకున్నాను. స్కోరు దగ్గర కాదు. "నాలుగున్నరేళ్లుగా ఒకే ఇంట్లో" అన్న మాట దగ్గర. అంటే 54 నెలల అద్దె. ఎప్పుడైనా ఆలస్యమైందా అన్నది మీరు రాయలేదు, కానీ ఓనర్ ఆంటీ గురించి మీరు రాసిన తీరు చూస్తే అవ్వలేదనే అనిపిస్తోంది. ఈఎంఐలు బౌన్స్ అయిన రోజుల దెబ్బ ఇంకా మానకముందే ఆ ఇంట్లో దిగారు. లోను కడుతూనే అద్దె కూడా తప్పకుండా కట్టారు. ఆ సంగతి సిబిల్‌కి తెలియదు. మామూలుగా మన దగ్గర ఇంటి అద్దె సిబిల్ రిపోర్టులోకి ఎక్కదు. అందులో ఉండేవి లోన్లు, కార్డులు. మీరు అప్పు ఎలా తీర్చారో ఆ 588 చెబుతుంది, అదీ సగమే. అద్దె ఎలా కడతారో మాత్రం చెప్పదు. ఓనరుకి కావలసింది రెండోది. అది మీ బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఉంది.

కాబట్టి ముందు సిబిల్ భయం కొంచెం దించుకుందాం. మీ అనుమతి లేకుండా ఇంటి ఓనరో, బ్రోకరో మీ రిపోర్టు తీయలేరు. మీరు చూపిస్తేనో, ఓటీపీ చెబితేనో తప్ప వాళ్లకు కనబడదు. మీ రిపోర్టు మీరే ఎన్నిసార్లు చూసుకున్నా స్కోరు తగ్గదు. ఇక హైదరాబాద్‌లో సిబిల్ అడిగేది ఎక్కువగా ఇలా కంపెనీల చేతిలో ఉన్న ఫ్లాట్ల దగ్గరే. ఓనరు కింద ఉండి పై పోర్షన్ ఇచ్చేచోట అడిగే ప్రశ్నలు వేరు: ఎంతమంది ఉంటారు, ఏం ఉద్యోగం, సొంతూరు ఏది, ఇంతకు ముందు ఎక్కడున్నారు, ఎందుకు ఖాళీ చేస్తున్నారు. ఈ అయిదింటికీ మీ దగ్గర మంచి సమాధానాలున్నాయి.

ఇప్పుడు మరిది సంగతి. ఇందులో రెండు దారులున్నాయి, మీరు రెండింటినీ కలిపేశారు. ఆయన అద్దెదారుగా సంతకం పెట్టి, బెంగళూరులోనే ఉంటూ, మీరు ఇక్కడ కాపురం ఉండటం ఒకటి. ఓనరుకు తెలియకుండా ఇలా చేస్తే మొదటి రోజు నుంచే అబద్ధం మీద ఉన్నట్టు. పోలీసు వెరిఫికేషన్ ఫారంలో ఎవరి పేరు రాస్తారు? అడ్రస్ ప్రూఫ్‌కి అగ్రిమెంటు అడిగినప్పుడు మీ పేరు అందులో ఉండదు. రేపు గోడకి చెమ్మ వచ్చిందనో, అడ్వాన్స్ తిరిగివ్వలేదనో గొడవైతే మాట్లాడే హక్కు కాగితం మీద ఆయనది. ఒక నెల అద్దె ఆలస్యమైతే నోటీసూ ఆయనకే వెళ్తుంది. అప్పుడు మీ అత్తగారి ముందు, తోటికోడలి ముందు ఆ విషయం ఎలా చర్చకొస్తుందో నాకన్నా మీకే బాగా తెలుసు.

రెండో దారి ఓనరుకి చెప్పి చేసేది. అగ్రిమెంటు మీ పేరు మీదే ఉంటుంది, మరిది హామీదారుగా సంతకం పెడతారు. ఇందులో దాపరికం లేదు. అయితే హామీ అంటే నిజంగా హామీయే. మీరు కట్టకపోతే ఆయన కట్టాలి. ఆ మాట ఆయనకు ముందే చెప్పి, మీ జీతాల లెక్క కూడా చెప్పి అడగండి. మొహమాటంతో సరేనంటే మాత్రం ఆ సంతకం తీసుకోకండి.

కానీ మరిది దాకా వెళ్లే ముందు నాదొక ప్రశ్న. లోను మీ పేరు మీదే, కార్డూ మీదే. మరి మీ ఆయన స్కోరు ఎంత? ఉత్తరంలో ఎక్కడా లేదు. ఆయన ఏ లోనుకీ సహ దరఖాస్తుదారుగా లేకపోతే ఆయన రిపోర్టులో మచ్చ ఉండాల్సిన పని లేదు. అసలు అప్పే తీసుకోకపోతే స్కోరు రాదు, చరిత్ర లేదని చూపిస్తుంది. దాన్ని చెడ్డ స్కోరుతో సమానంగా చూడరు. ఆయన ఆ ఇంట్లో ఉండే మనిషే, నెల జీతం తెచ్చే మనిషే. అగ్రిమెంటు ఆయన పేరు మీద రాయించుకుంటే ఎవరినీ మోసం చేసినట్టు కాదు. 27 వేల జీతానికి 24 వేల అద్దె అంటే కంపెనీ ఒప్పుకోకపోవచ్చు, ఇద్దరి ఆదాయం చూపించమని అడగవచ్చు. అడిగితే ఇద్దరి పేర్లూ చెప్పండి. తక్కువ అద్దె ఇల్లయితే ఆ పేచీ కూడా ఉండదు.

బెంగళూరులో ఉన్న మనిషి గుర్తొచ్చి పక్కగదిలో ఉన్న మనిషి గుర్తురాకపోవడానికి కారణం మీ చివరి వాక్యంలోనే ఉంది. ఆయన పేరు వాడాలంటే ఆయనకు చెప్పాలి. మీరు ఆయన్ని బాధ నుంచి కాపాడుతున్నాననుకుంటున్నారు. ఆ ప్రేమ నాకు అర్థమవుతోంది. కానీ అత్తగారు ఆ ఆఫీసులో పక్కనే కూర్చున్నారు కదా, ఆ కుర్రాడి ప్రశ్న ఆవిడా విన్నారు. ఇవాళ కాకపోతే రేపు భోజనాల దగ్గర "ఆ మియాపూర్ ఇల్లు ఏమైంది?" అని అడుగుతారు. ఆ సంగతి ఆయనకు మీ నోటి నుంచి తెలియడం మంచిది. చెప్పేటప్పుడు 2019 నుంచి మొదలుపెట్టకండి. జులై నుంచి మొదలుపెట్టండి. "మనకి ఇల్లు దొరకాలంటే నీ రిపోర్టు ఒకటి తీయాలి, ఫోన్ ఇటివ్వు" అనండి. పాత గాయం గురించి మాట్లాడటం కన్నా చేయవలసిన పని గురించి మాట్లాడటం ఇద్దరికీ తేలిక. ఆయన కుమిలిపోతే కాసేపు కుమిలిపోనివ్వండి. షాపు మూతపడినప్పుడు ఆయన కూడా మీలాగే ఒంటరిగా బాధపడి ఉంటారు.

లోన్ యాప్ విషయంలో నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను: వద్దు. ఇల్లు మారే నెలలో ఖర్చులన్నీ ఒకేసారి మీద పడతాయి. దాని మీద కొత్త ఈఎంఐ పడితే మొదటి మూడు నెలల్లోనే అద్దె ఆలస్యమయ్యే ప్రమాదం ఉంది. 54 నెలలు కాపాడుకున్న మంచి పేరు కొత్త ఓనరు దగ్గర మొదటి మెట్టులోనే పోతుంది. పైగా అప్పుకి దరఖాస్తు పెట్టిన ప్రతిసారీ వాళ్లు మీ రిపోర్టు తీస్తారు, అది స్కోరు మీద ఇంకో దెబ్బ.

అసలు ఆ డబ్బు ఎందుకు తక్కువ పడుతోందో లెక్క వేశాను. చేతిలో 40 వేలున్నాయని రాశారు. పాత ఇంటి అడ్వాన్స్ రెండు నెలలది, 33 వేలు, ఓనర్ ఆంటీ దగ్గర ఉంది. అది ఖాళీ చేశాక వస్తుంది, కొత్త ఇంటికి ముందే కట్టాలి. మీ ఇబ్బంది ఈ కొద్దిరోజుల ఎడమే. దానికి అప్పు అక్కర్లేదు. ఆంటీని అడగండి, జూన్, జులై అద్దెలు ఆ అడ్వాన్స్‌లో సర్దుకోమనండి. కొడుకు పెళ్లి కోసం ఇల్లు వాళ్లే అడిగారు కాబట్టి వినే అవకాశం ఉంది. కరెంటు బిల్లు, పెయింటింగ్ సంగతేమిటని ఆవిడ సందేహిస్తే ఒక 5 వేలు ఆవిడ దగ్గరే ఉంచండి, మీటరు రీడింగ్ చూసుకుని మిగిలింది తర్వాత ఇస్తారు. అప్పుడు మీ చేతిలో 68 వేలుంటాయి.

ఆ 68 వేలతో మియాపూర్ ఫ్లాట్ చూద్దాం. రెండు నెలల అడ్వాన్స్ 48 వేలు, మొదటి నెల అద్దె, మెయింటెనెన్స్ కలిపి 27,500. మొత్తం 75,500. సామాను బండికి, కూలీలకి ఇంకా లెక్కే వేయలేదు. అదే 18 వేల ఇల్లయితే అడ్వాన్స్, అద్దె కలిపి 54 వేలు, మిగిలిన 14 వేలతో సామాను మారిపోతుంది, బ్రోకరు ఉంటే ఆయనకీ కొంత సర్దవచ్చు. ప్రతి నెలా చూసినా అంతే. ఇద్దరి జీతం 65 వేలలో 27,500 ఇంటికే పోతే మందులు, స్కూలు ఫీజు, వచ్చే ఏడాది పాప టెన్త్, వీటన్నిటికీ 37,500 మిగులుతుంది. మీరు అకౌంట్స్ చేసేవారు, ఈ లెక్క మీకు నేను చెప్పక్కర్లేదు. స్కోరు 800 ఉన్నా ఆ ఫ్లాట్ గురించి నేను ఇదే అడిగేదాన్ని: ఇంత ఖర్చు పెట్టాలా అని. స్విమ్మింగ్ పూల్ చూసి పాప మొహం వెలిగిపోయిందని రాశారు. అది కాదనలేని విషయం, అయినా అడుగుతాను.

మీరు ఇంకా మామూలు అపార్ట్‌మెంట్లు, ఇండిపెండెంట్ ఇళ్లు చూడలేదు. మదీనాగూడ, చందానగర్, హఫీజ్‌పేట, బాచుపల్లి లోపలి వీధుల్లో ఆదివారం పొద్దున ఇద్దరూ బండి మీద తిరగండి. గేటుకి కట్టిన టు-లెట్ బోర్డులు, వాచ్‌మెన్ నోటిమాట, ఈ రెండూ యాప్‌లలో కనబడని ఇళ్లు చూపిస్తాయి. ఆషాఢం దగ్గరికొస్తోంది. ఆ నెలలో కొత్త ఇంట్లో పాలు పొంగించరు కాబట్టి చాలామంది ఇల్లు మారరు. ఖాళీగా ఉన్న ఇంటి ఓనరు ఒక నెల అద్దె పోతుందని ఆలోచనలో ఉంటారు. "ఇప్పుడే అడ్వాన్స్ ఇచ్చి ఖాయం చేసుకుంటాం, మంచిరోజు చూసి దిగుతాం, అద్దె అప్పటి నుంచి" అనో, పట్టింపు లేకపోతే "ఆషాఢంలోనే దిగుతాం, అద్దె ఒక వెయ్యి తగ్గించండి" అనో అడిగే వీలుంది. అత్తగారి పట్టింపు ఏమిటో ముందే కనుక్కోండి. మొదటి పద్ధతిలో జులై నెలాఖరు దాటితే ఆంటీని ఒక పది రోజులు గడువు అడగాల్సి వస్తుంది, అదీ గుర్తుంచుకోండి.

వెళ్లేటప్పుడు ఒక ఫైలు తీసుకెళ్లండి. ఏడాది బ్యాంకు స్టేట్‌మెంట్ ప్రింటు తీసి, ఆంటీకి అద్దె పంపిన వరుసలన్నిటి మీదా పసుపు రంగు మార్కరు గీయండి. పన్నెండు వరుసలు, ఇంచుమించు ఒకే తేదీ, ఒకే మొత్తం. చూసినవాళ్ల వేలు దానంతటదే ఆ వరుసల వెంట కిందికి జారుతుంది. దాని వెనక ఇద్దరి మూడు నెలల పే స్లిప్పులు, లోను తీరినట్టు బ్యాంకు ఇచ్చిన నో డ్యూస్ కాగితం. అన్నిటికన్నా పైన ఓనర్ ఆంటీ చేతిరాతతో ఒక ఉత్తరం: ఫలానా నెల నుంచి మా ఇంట్లో ఉన్నారు, అద్దె ఎప్పుడూ ఆలస్యం చేయలేదు, మా అబ్బాయి పెళ్లి వల్ల ఇల్లు మాకు కావలసి ఖాళీ చేయిస్తున్నాం. కింద ఆవిడ ఫోన్ నంబరు. తెలుగులో రాస్తే చాలు.

సిబిల్ ఎవరూ అడగకపోతే మీరై ఎత్తక్కర్లేదు. అద్దెకి సంబంధం లేని పాత కష్టాన్ని అందరి ముందూ పరచుకోవాల్సిన పని లేదు. అడిగితే మాత్రం తప్పించుకోకండి, అంకె మార్చి చెప్పకండి. "సార్, 588 ఉంది. 2020లో మా ఆయన షాపు మూతపడి ఎనిమిది ఈఎంఐలు తప్పాయి. లోను మొత్తం తీర్చేశాం, కాగితం ఇదిగో. ఆ తర్వాత అద్దె ఒక్క నెల తప్పలేదు, ఇదీ చూడండి" అనండి. ఇంతే, ఎక్కువ వద్దు. కొందరు కాదంటారు. ఆ కంపెనీకి 700 నిబంధన అయితే ఆ కుర్రాడి చేతిలో ఏమీ ఉండదు. అయినా ఇదే ఫైలు ఓనరుకి మెయిల్ చేయమని ఒక్కసారి అడిగి చూడండి.

ఎక్కువ అడ్వాన్స్ ఇవ్వజూపడం కూడా ఒక దారే, కానీ సొంత డబ్బుతో, మూడు నెలలకి మించకుండా. కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో నివాస ఇళ్లకి అడ్వాన్స్ రెండు నెలలు మించకూడదని ఉంది. అది రాష్ట్రాలు అమలు చేసుకుంటేనే వర్తిస్తుంది, అయినా మాట్లాడేటప్పుడు చెప్పుకోవడానికి పనికొస్తుంది. ఎంత ఇచ్చినా ఖాళీ చేశాక ఎన్ని రోజుల్లో తిరిగిస్తారో, పెయింటింగ్‌కి ఎంత పట్టుకుంటారో అగ్రిమెంటులో రాయించుకోండి. ఎవరైనా సంతకం చేసిన ఖాళీ చెక్కులు అడిగితే ఇవ్వకండి. చెక్కు బౌన్స్ అయితే కేసు దాకా వెళ్తుంది, రెండేళ్ల వరకు జైలుశిక్షకీ అవకాశం ఉంది. దాని బదులు జీతం పడిన మర్నాడే అద్దె దానంతటదే వెళ్లేలా బ్యాంకులో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టి, ఆ కాగితం చూపించండి.

ఇక 8 వేల ఆయన. రిపోర్టులో ఉన్నది నిజమైతే దాన్ని ఎవరూ చెరపలేరు. తప్పైతే దిద్దించుకోవడానికి పైసా అక్కర్లేదు. అతనికి డబ్బు కన్నా విలువైనవి పాన్, ఆధార్, ఓటీపీ. ఒక్కటీ ఇవ్వకండి.

దిద్దించుకునే పని మీరే చేసుకోగలరు, ఇల్లు కుదిరాక నింపాదిగా. సిబిల్‌తో పాటు ఇలాంటి రిపోర్టులే తయారుచేసే ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ సంస్థలు కూడా ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. మీరు ఫోన్లో అంకె మాత్రమే చూశారు. రిపోర్టు తెరిస్తే ఒక్కో ఖాతా కింద నెలల వారీగా చిన్న గడులుంటాయి. 000 అంటే ఆ నెల సమయానికి కట్టినట్టు, 030, 090 లాంటివి ఆలస్యమైన రోజులు. లోను ఖాతా మూసినట్టు ఉందా, బాకీ సున్నా చూపిస్తోందా చూడండి. కార్డు ఖాతాలో 2020 మార్చి నుంచి ఆగస్టు వరకు ఉన్న గడులు ప్రత్యేకంగా చూడండి. మీరు అప్పుడు మారటోరియం, అంటే వాయిదాలు కొన్నాళ్లు ఆపుకునే వెసులుబాటు, తీసుకుని ఉంటే ఆ నెలలు ఎగవేతగా నమోదు కాకూడదు. తప్పు కనబడితే ఆ సంస్థ వెబ్‌సైట్‌లోనే ఫిర్యాదు పెట్టవచ్చు. 30 రోజుల్లో తేల్చకపోతే రోజుకి 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని 2023 అక్టోబరులో రిజర్వు బ్యాంకు ఆదేశించింది.

కార్డు ఖాతా పక్కన "సెటిల్డ్" అని ఉంటుంది. "అయిపోతుంది" అన్న మాట అక్కడే మిమ్మల్ని ముంచింది. బ్యాంకు దృష్టిలో అది పూర్తిగా తీరిన బాకీ కాదు, కొంత వదులుకున్న బాకీ. అప్పట్లో వదిలేసిన మొత్తం ఇప్పుడు కట్టి, దాన్ని "క్లోజ్డ్"గా మార్చమని అడిగే దారి ఉంది. మాట తీసుకుని కాకుండా, ఎంత కడితే మారుస్తారో ముందే రాతపూర్వకంగా తీసుకోండి. కానీ ఆ డబ్బు ఇప్పుడు తీయకండి. మీకు సొంతిల్లు లోను ఆలోచన ఉంటే రెండేళ్లలో ఎప్పుడైనా కట్టుకోవచ్చు. లేకపోతే, అలాగే వదిలేసినా కొంపలేం మునగవు.

ముందు ఈ రాత్రి మీ ఆయన ఫోన్లో ఆయన రిపోర్టు తీయండి. ఓనర్ ఆంటీ దగ్గరికి ఈ ఆదివారంలోపే వెళ్లండి, పెళ్లి షాపింగ్ మొదలైతే ఆవిడ దొరకరు. అద్దె సర్దుబాటు సంగతీ, ఉత్తరం సంగతీ ఒకేసారి అడగండి. ఆ ఉత్తరం మీద తేదీ వేయించుకోవడం మరిచిపోకండి.